అడ్డగీత

నా తమ్ముడు ప్రభుదాస్ కారు ఇంజనులో విరిగిన కనెక్టింగ్ రాడ్‌ను కేకు డబ్బాలో పెట్టుకొని వచ్చాడు. ఆ డబ్బా పోయిన క్రిస్మస్‌కు నేను పంపినదే. ఏ.ఎస్. రావు నగర్‌లోని నా ఇంట్లో, భోజనాల బల్ల మీద దాన్ని ఉంచి, మూత తీసి, లోపలి పాత బనీను గుడ్డను నాలుగు వైపులా విప్పాడు. రెండు ఉక్కు ముక్కలు కనబడ్డాయి. ఒకదాని చివర పిస్టను తగిలించే చిన్న కన్ను ఉంది. రెండోదాని చివర, చక్రాలను తిప్పే క్రాంకును పట్టుకొనే పెద్ద కన్ను, బోల్టులూ బేరింగూ ఊడకుండానే, వంకరపోయి ఉంది. రెంటినీ కలిపే కడ్డీ, అంటే రాడ్ చెయ్యి, నడిమికి తెగిపోయింది.

అతని కొడుకు జెఫ్రీని సమాధి చేసి అప్పటికి నెల దాటింది. ఆ నెలంతా నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు మత్తుసూది వేస్తే డాక్టరు చేతి ఒత్తిడి తెలుస్తుంది గాని నొప్పి తెలియదు. నాకు కూడా అలాగే అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. తమ్ముడు మీసాలు గీయించుకున్నాడని తెలిసింది. అతని వెనుక నిలబడిన కోడలు, జెఫ్రీ భార్య షెకీనా చెప్పులు రెండు వేర్వేరు జతలవని తెలిసింది.

"నువ్వు చదివిన చదువు ఇదే కదక్కా. చూడు. చూసి రాసియ్యి," అన్నాడు ప్రభుదాస్.

"ఏమని రాయాలి?"

"ఆ మెకానిక్ భానుగాడు నకిలీ రాడ్లు ఏసిండని. కచరా సామాను ఏసి నా కొడుకును చంపిండని. ఎవరన్న పెద్ద చదువు చదివినోళ్లు రాసిస్తె కేసు గట్టిగ నిలబడ్తదని ఎస్సై చెప్పిండు. మన ఖాందాన్‌ల నీకన్న పెద్ద చదువు ఎవరికున్నది?"

నేను పదవీ విరమణ చేసేవరకు ఇంజనీరింగ్ కళాశాలలో లోహశాస్త్రం బోధించాను. విరిగిన వస్తువును చూసి, అది ఎక్కడ మొదలై ఎలా విరిగిందో చెప్పడం నా ప్రత్యేక విషయం. ఆ పనిలో ఒక నియమం ఉంది. వస్తువు ఎవరిదన్న ప్రశ్నను తలుపు బయటే వదిలిపెట్టాలి. ఈసారి ఆ ప్రశ్న నాతోపాటే లోపలికి వచ్చి బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది.

జరిగినదాన్ని వరుసగా చెప్పాలి. జెఫ్రీ బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. వారమంతా మెట్రోలో వెళ్లేవాడు, కారును ఆదివారం మధ్యాహ్నాల కోసం దాచుకొనేవాడు. ఆ కారుకు టర్బో ఉంది. పొగతో పాటు బయటికి పోయే శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరమది. ఒత్తిడిని పెంచితే ఇంధనాన్ని కూడా పెంచవచ్చు. రెండూ పెరిగితే ఇంజను శక్తి పెరుగుతుంది, ఆ శక్తి మొత్తం పిస్టను నుండి క్రాంకుకు వెళ్లేది ఈ రాడ్ చెయ్యి మీదుగానే. ఫ్యాక్టరీ ఇచ్చిన రాడ్లు ఫ్యాక్టరీ ఇచ్చిన శక్తికే సరిపోతాయి. అందుకే జెఫ్రీ చిన్ననాటి స్నేహితుడు, రెజిమెంటల్ బజార్ వెనుక సందులో వర్క్‌షాపు నడిపే భానుప్రకాశ్, పోతపోసినవి కాకుండా సమ్మెట దెబ్బతో రూపుదిద్దిన గట్టి ఉక్కు రాడ్లు తెప్పించమన్నాడు. జెఫ్రీ తెప్పించాడు. భాను వాటిని బిగించాడు. కొన్ని నెలలు కారు బాగానే నడిచింది. ఆ తరువాత నగరం వెలుపల ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్ మీద, తనలాంటి వాళ్లందరూ చేరి వేగం చూసుకొనే రోజున, పరుగు చివర రాడ్ విరిగింది. విరిగిన ముక్క ఇంజను గోడను చీల్చింది. నూనె ముందు చక్రాల కిందికి చిమ్మింది. కారు అడ్డుగోడకు తగిలింది.

"ఇటు చూడక్కా." ప్రభుదాస్ రెండు ముక్కలనూ దగ్గరికి జరిపి, చివరలు కలిపి పట్టుకున్నాడు. "నా గుర్తు మీదుగనే విరిగింది. దేవుని గుర్తును సుత రెండు ముక్కలు చేసిండు వాడు. అంత పాపపు ఇనుము అది."

ఆ రాడ్ చేతి నడుమ, చదునైన చోట, చిన్న శిలువ ఉంది. నిలువుగీత చేతి పొడవునా, అడ్డగీత చేతికి అడ్డంగా. ఉక్కు సరిగ్గా ఆ అడ్డగీత వెంబడే తెగింది. పై ముక్కకు శిలువ శిరస్సు, కింది ముక్కకు దాని కాలు మిగిలాయి.

"ఇది ఎవరు కొట్టారు?" అని అడిగాను. అడగవలసిన అవసరం లేదు. ఆ గుర్తు నాకు తెలుసు.

"ఇంకెవరు? నేనే. నాలుగు రాడ్లకు కొట్టిన. జెఫ్రీ డబ్బా తెచ్చి సాయంత్రం ప్రార్థనల పెట్టిండు. ప్రార్థన అయినంక నా గుర్తున్న పంచ్ తీసిన, సుత్తి తీసిన. ఒక్కో దానికి ఒక్కటే దెబ్బ. చేతి పనితనం ఇంక పోలేదక్కా నాకు." ఆ క్షణంలో అతని ముఖంలో, నెల రోజుల తరువాత, ఏదో కదిలింది. అది గర్వం.

ప్రభుదాస్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి పాత ఫిట్టర్లలో ప్రతి ఒక్కరికీ సొంత గుర్తు ఉండేది. తాను సరిచూసిన వస్తువు మీద దాన్ని కొట్టి పంపేవారు. ఒకరిది నక్షత్రం, ఒకరిది చేప. మా తమ్ముడిది శిలువ. నా గుర్తు పడ్డ సామాను ఎన్నడూ వాపసు రాలేదని అతను పెళ్లిళ్లలో కూడా చెప్పేవాడు. చర్చిలో కొత్త మోటారు సైకిలుకు పాస్టరుగారు ప్రార్థన చేస్తే, ప్రభుదాస్ వెళ్లి దాని ఫ్రేము కింద తన గుర్తు కొట్టి వచ్చేవాడు. అడిగి మరీ కొట్టించుకొనేవారు.

"కాలేబు సుత అడిగిండు," అన్నాడు డబ్బా మూత పెడుతూ. కాలేబు వాళ్ల చర్చి యువకుడు, జెఫ్రీతో కారు పందేలకు తిరిగినవాడు. "వాడు వేరే షాపుల ఇంజన్ చేయిస్తున్నడు. మంచి రాడ్లు తెప్పించిండు. జెఫ్రీ జ్ఞాపకంగ నా గుర్తు కొట్టియ్యిమన్నడు. శనివారం తెస్తడు."

"కొట్టవద్దు," అన్నాను.

"ఎందుకు?"

"నేను చూసేవరకు కొట్టవద్దు."

"సరే తియ్యి, నీ ప్రొఫెసర్ పనంత ఇట్లనే ఉంటది," అని అతను లేచాడు. షెకీనా గుమ్మం దగ్గర వెనుదిరిగి, "పెద్దత్తమ్మా, చూసినంక వాటిని మళ్ల ఇస్తరా? ఆయనవి కదా," అంది. ఇస్తానన్నాను.

మరునాడు కళాశాలకు వెళ్లాను. నా దగ్గర చదువుకున్న నవత ఇప్పుడు ఆ ప్రయోగశాల చూస్తున్నది. రాడ్ ఉక్కు ఏ రకమో పరీక్షించాం. అమ్మినవారు చెప్పిన రకమే. గట్టిదనం సరిపోయింది. బోల్టులు విరగలేదు, సాగలేదు. బేరింగుకు నూనె అందింది.

"మేడం, రాడ్ తప్పేం లేదు. బిగించిన మనిషి తప్పు కూడా లేదు. చాలా నీట్‌గా చేశాడు," అంది నవత.

పై ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాం. కింది ముక్క క్రాంకుతో పాటు తిరిగి గోడను కొట్టినందువల్ల దాని విరిగిన ముఖం నలిగిపోయింది. పైది పిస్టనుతో పాటు సిలిండరులో ఇరుక్కొని బతికింది. దాని ముఖంలో ఒక మూల నుండి సన్నని వంపుగీతలు ఒకదాని వెనుక ఒకటి, చెరువు ఒడ్డున నీరు తగ్గుతూ వదిలిన గీతల్లాగా, వ్యాపించి ఉన్నాయి. మెల్లగా, రోజుకు కొంచెం చొప్పున పెరిగిన పగులు అలాంటి గీతలను వదులుతుంది. మిగిలిన భాగం గరుకుగా ఉంది. అది ఒక్కసారిగా తెగిన భాగం. గీతలన్నింటినీ వెనక్కి అనుసరిస్తే అవి ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అనుసరించాను. ఆ బిందువు శిలువ అడ్డగీతకు కుడి చివర ఉంది.

కారణం సరళమైనది. చాలామంది ఒత్తిడి పెరిగితే రాడ్ నలిగి విరుగుతుందనుకుంటారు. నలగడం ఒక ప్రమాదమే. కాని వేగంగా తిరిగే ఇంజనులో పిస్టను పైకి ఎగిరి ఆగి వెనుదిరిగే ప్రతిసారీ రాడ్‌ను లాగుతుంది. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. లాగుడుకు లోనయ్యే వస్తువు మీద నిలువుగీత ఉంటే పెద్ద హాని లేదు. అడ్డగీత ఉంటే, ఆ లాగుడంతా గీత అడుగున, గీత చివర, పోగుపడుతుంది. కొత్త బట్టను చింపేముందు దర్జీ అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు. మిగతా పని బట్టే చేస్తుంది.

"ఈ మార్కు ఎవరు కొట్టారు మేడం?" అంది నవత.

"నా తమ్ముడు."

ఆమె సూక్ష్మదర్శిని దీపం ఆర్పింది.

శనివారం మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్‌కు వెళ్లాను. భాను వర్క్‌షాపు షట్టరు సగం దించి ఉంది. నేను వంగలేనని చూసి అతనే దాన్ని కొంచెం పైకి లేపాడు. "వందనాలు ఆంటీ," అన్నాడు. చిన్నప్పుడు సగం రోజులు జెఫ్రీ ఇంట్లోనే తిని పెరిగినవాడు కనుక, అతను మాకు నమస్తే చెప్పడు, మా క్రైస్తవుల ఇళ్లలో లాగే వందనాలంటాడు. లోపల ఒక్క కారు కూడా లేదు. జరిగినది తెలిశాక వచ్చేవారు మానేశారు.

"పోలీసోళ్లు పంపిన్రా?"

"లేదు. ప్రభుదాస్ పంపాడు."

"అంకుల్ ఎట్లున్నడు?"

"తింటున్నాడు. పడుకుంటున్నాడు."

అతను తల ఊపాడు. సమాధి తరువాత ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక రోజున ప్రభుదాస్ అతన్ని గేటు దగ్గరే ఆపి, నోటికొచ్చినట్టు తిట్టి, లోపలికి అడుగు పెట్టవద్దన్నాడు. భాను రోడ్డు అవతల కూడిక ముగిసేవరకు నిలబడి వెళ్లిపోయాడు.

"రాడ్ మీది శిలువను నువ్వు బిగించేముందు చూశావా?" అని అడిగాను.

చేతులకు మురికి లేకపోయినా అతను గుడ్డతో తుడుచుకున్నాడు. "చూసిన ఆంటీ. డబ్బా తెరవంగనే కండ్లకు కొట్టింది. ఏందిరా గిది అన్న. జెఫ్రీ నవ్విండు. 'డాడీ వారంటీ రా. కంపెనీది ఒక్క సంవత్సరమే, డాడీది పరలోకం దాంక' అన్నడు."

నేను నా వేలి మీద గోటితో అడ్డంగా గీసి చూపించాను.

"అక్కడ గాటు ఉండకూడదని నీకు తెలియదా?"

"ఎందుకు తెల్వదు? గీత పడ్తె అరగదీసి పాలిష్ కొట్టాలె. చేతిల గ్రైండర్ పట్టుకున్న సుత. మళ్ల కింద పెట్టిన." గోడకు తగిలించిన చిన్న గ్రైండర్‌ను చూపించాడు. "శిలువ అది. మీ దేవుని గుర్తు. అంకుల్ ప్రార్థన చేసి కొట్టిండు. నా చేతులతోని నేనెట్ల గీకేస్త? వేరేటోడు గీసిన గీతైతె టీ తాగేలోపల తీసేస్తుంటి."

"జెఫ్రీకి చెప్పావా?"

"చెప్పిన. 'ఉండనియ్యి, మనదేమన్న రోజూ ఉరికే బండా' అన్నడు. టర్బో బూస్ట్ జెర తక్కువ పెడ్దామన్న. సరే అన్నడు. మళ్ల ఎయిర్‌స్ట్రిప్ రోజు ముంగట, పెంచు అన్నడు. పెంచిన." అతని గొంతు ఎక్కడా తడబడలేదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకొన్న మాటలు నున్నగా అరిగి ఉంటాయి. "ఇంజన్ విప్పినప్పుడు నేను సుత అక్కడ్నే ఉన్న. ముక్క చూడంగనే నాకు సమజైంది, ఏడికెళ్లి షురూ అయ్యిందో."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి? అంకుల్‌కా?" మొదటిసారి అతను నా ముఖంలోకి చూశాడు. "రాడ్లే ఖరాబని రాయున్రి ఆంటీ. భాను మోసం చేసిండని రాయున్రి. షాపు పోతె మళ్ల పెట్టుకుంట. జైలుకు పంపితె పోయొస్త. అంకుల్‌కు ఇది తెలిస్తె, ఆయన మళ్ల పెట్టుకునేదేమున్నది?"

అబద్ధం రాయడం తప్పని చెప్పవచ్చు. కాని నిజమే చెప్పాలని నేను నిర్ణయించుకున్నది తప్పొప్పుల కోసం కాదు. తప్పుడు కారణం కాగితం మీదికి ఎక్కితే, అసలు కారణం ఎక్కడికీ పోదు. అది ఉన్నచోటే ఉండి తన పని తాను చేసుకుంటుంది.

"ఈ రోజు సాయంత్రం కాలేబు తన రాడ్లు తీసుకొని వస్తున్నాడు. జెఫ్రీ జ్ఞాపకార్థం వాటి మీద కూడా గుర్తు కొట్టాలట," అన్నాను.

భాను గుడ్డను బల్ల మీద పెట్టాడు. తరువాత షట్టరు పూర్తిగా ఎత్తి, నా కోసం ఆటోను పిలిచాడు.

మెట్టుగూడలోని తమ్ముడి ఇంటికి నేను చేరేసరికి రాడ్లు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. కాలేబు వాటిని ఇచ్చి, ప్రార్థన వేళకు వస్తానని వెళ్లాడట. ప్రభుదాస్ పాత దినపత్రిక పరిచి, వాటిని వరుసగా పెట్టి, పక్కన పంచ్‌ను, సుత్తిని ఉంచాడు. కొత్త ఉక్కు మీద ట్యూబులైటు వెలుగు పడుతున్నది. వాటి మీద ఇంకా ఏ గుర్తూ లేదు.

"నువ్వు వద్దన్నవని ఆగినక్కా. రాసినవా?"

నేను నాతో తెచ్చిన కేకు డబ్బాలోంచి పై ముక్కను తీసి, భూతద్దంతో పాటు అతనికి ఇచ్చాను. "నువ్వే చూడు. ఎక్కడ మొదలైందో చెప్పు."

ఇది క్రూరత్వమని ఎవరైనా అనవచ్చు. కాని ప్రభుదాస్ ఉద్యోగకాలమంతా బోగీల చక్రాలను సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి పగులును పట్టుకొన్నవాడు. అతనికి నా మాట మీద కంటే తన కన్ను మీద నమ్మకం ఎక్కువ. నేను చెబితే వాదిస్తాడు. తాను చూస్తే వాదించడు.

అతను కుర్చీని వెలుగు కిందికి లాక్కొని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ముక్కను తిప్పి మళ్లీ చూశాడు. ముందు, నాకు తెలుసు అన్నట్టు కళ్లు చికిలించాడు. తరువాత ఆ కళ్లు మామూలుగా తెరుచుకున్నాయి. వంపుగీతల మీద అతని చూపుడువేలి గోరు వెనక్కి జరుగుతూ వెళ్లి, అంచున ఆగింది.

"ఇక్కడికెళ్లి," అన్నాడు.

"అవును."

"నా గీత కొసకెళ్లి."

"అవును."

భూతద్దాన్ని దినపత్రిక మీద పెట్టాడు. "బోగీల యాక్సిల్ బాక్సులకు కొట్టినం. బఫర్లకు కొట్టినం. ఏనాడూ ఏం కాలే."

"అవి మందమైనవి. వాటిలో గుర్తు కొట్టడానికి విడిగా చోటు కూడా ఉండేది. ఇది సన్ననిది. ఇందులో పని చెయ్యని చోటు లేదు."

"ఇనుము మంచిదేనా?"

"మంచిదే."

"బిగించుడు?"

"అదీ మంచిదే."

షెకీనా టీ తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. పళ్లెం ఆమె చేతుల్లోనే ఉంది. ప్రభుదాస్ ఆమెను చూడలేదు.

"సుద్దముక్కతోని గీసుంటె?" అని అడిగాడు.

"ఏమీ అయ్యేది కాదు."

"దేవుడు సుద్ద గీతను చదువుతడా అక్కా?"

"చదువుతాడు."

అతను తల ఊపాడు. లెక్క సరిపోయిందని మేస్త్రీ ఊపినట్టు ఊపాడు. నాకు ఆ క్షణాన అతని భుజం మీద చెయ్యి వెయ్యాలని తెలుసు. వేశాను కూడా. అరచేతి కింద చొక్కా గుడ్డ తగిలింది, దాని కింద ఎముక తగిలింది. అంతకు మించి నాకేమీ తెలియలేదు. బహుశా అతనికీ తెలియలేదు.

కాలేబు వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, "వందనాలు అంకుల్! అయిందా?" అన్నాడు. బల్ల వైపు చూసి, "ఇంక కొట్టలేదా? నేనే పట్టుకోవాల్నా ఒక చేత్తోని? మీ దెబ్బకు నా వేలు పోతదేమో, జెర చూసి," అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

ప్రభుదాస్ రాడ్లను ఒక్కొక్కటిగా వాటి కాగితంలో చుట్టాడు. చుట్టేటప్పుడు వేళ్లు చదును భాగానికి తగలకుండా చివర్లు మాత్రమే పట్టుకున్నాడు. డబ్బాలో పెట్టి కాలేబు చేతికి ఇచ్చాడు.

"గుర్తు పెట్టలే. దాని మీద ఎవర్నీ ఏం రాయనియ్యకు. పేరు సుత."

"ఎందుకంకుల్? జెఫ్రీ అన్న జ్ఞాపకంగ..."

"జెఫ్రీ రాడ్ నా గుర్తు కాడ విరిగింది." మామూలు గొంతుతోనే అన్నాడు, ఫలానా రైలు ఆలస్యమైందని చెప్పినట్టు. "ఆ వేరే షాపు వద్దు. భాను కాడికి తీస్కపో. వాడు మంచిగ బిగిస్తడు. నేను చెప్పిన్నని చెప్పు."

కాలేబు నా వైపు, షెకీనా వైపు చూశాడు. డబ్బాను రెండు చేతులతో పట్టుకొని, చెప్పులు వేసుకోవడం మరచి, మెట్లు దిగి, మళ్లీ వచ్చి వేసుకొని వెళ్లాడు.

"భానుకు తెలుసా?" అన్నాడు ప్రభుదాస్.

"తెలుసు."

"ఎప్పటికెళ్లి?"

"ఇంజను విప్పిన రోజు నుండి."

"మరి నేను గేటు కాడ ఆపి అన్ని మాటలంటే..." అతను కోడలి వైపు తిరిగాడు. "షెకీనా, వానికి ఫోన్ చెయ్యి బిడ్డా. ప్రార్థనకు రమ్మను."

షెకీనా పళ్లేన్ని బల్ల మీద దించి, వంటింట్లోకి వెళ్లి ఫోన్ చేసింది. ఆమె మాటలు వినబడ్డాయి. "భాను అన్నా, మామయ్య పిలుస్తున్నడు." అవతలి మాట వినబడలేదు. "అవు. తెలిసింది," అంది. మళ్లీ, "అవు. తింటున్నడు," అంది.

మేము ప్రార్థన మొదలుపెట్టకుండా కూర్చున్నాం. టీ మీద మీగడ కట్టింది. ప్రభుదాస్ బైబిలును ఒడిలో పెట్టుకొని తెరవలేదు. పంచ్, సుత్తి దినపత్రిక మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని తీసి దాచమని అతను అనలేదు, మాకూ తోచలేదు.

బయట గేటు గొళ్లెం కదిలింది. లోపలికి ఎవరూ రాలేదు. భాను అక్కడే ఆగి ఉన్నాడని మా ముగ్గురికీ అర్థమైంది. పోయిన సారి అతన్ని ఆపిన చోటు అదే.

ప్రభుదాస్ లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, మెట్లు దిగకుండా, "రా," అన్నాడు.

భాను వచ్చి చెప్పులు విడిచాడు. "వందనాలు అంకుల్," అన్నాడు. ప్రభుదాస్ తిరిగి వచ్చి బెంచీ మీద తన చోట కూర్చొని, గోడ వైపు కొంచెం జరిగాడు. జరిగిన చోట భాను కూర్చున్నాడు. అది జెఫ్రీ కూర్చొనే చోటు. షెకీనా పాట అందుకుంది.